మాస్టారికీ కుర్రాడికీ స్నేహం: స్క్రిప్టులో మలుపు అతకడం లేదు

స్క్రిప్టు_డబ్బా:
25 నిమిషాల షార్ట్ ఫిల్మ్. రిటైరైన లెక్కల మాస్టారు, ఎనిమిదో తరగతి అబ్బాయి. 12వ పేజీ దాకా ఇద్దరికీ పడదు. 13వ పేజీలో మాస్టారికి జ్వరమొస్తే అబ్బాయి గంజి కాచి ఇస్తాడు, అక్కణ్ణుంచి దోస్తీ. చదివినవాళ్లంతా ఆ మలుపు దగ్గరే ఆగిపోతున్నారు. ‘ది హోల్డోవర్స్’ (2023) సినిమాలో ఇదే పని అంత సహజంగా ఎలా కుదిరింది? నా దాంట్లో ఏం మార్చాలి?

ఎడిటింగ్_బల్ల:
జాలి మీద కట్టారండీ, అందుకే నిలబడలేదు. గంజి కాచినందుకు అబ్బాయికి పోయిందేమీ లేదు.

ఆ సినిమా స్నేహాన్ని అబద్ధాల మీద కట్టింది. కథ బార్టన్ అనే హాస్టల్ స్కూల్లో జరుగుతుంది, బార్టన్ వాళ్లు అబద్ధమాడరన్నది అక్కడి నియమం. జిమ్‌లో దూకి భుజం జారిన విద్యార్థి ఆంగస్, మాస్టారు హన్‌హమ్ ఉద్యోగం పోకూడదని ఆసుపత్రిలో అబద్ధమాడతాడు. బోస్టన్‌లో పాత హార్వర్డ్ సహాధ్యాయి ముందు హన్‌హమ్ గొప్పలు చెబితే, పక్కనే ఉండి వంతపాడతాడు. చివర్లో ఆంగస్ తల్లీ, సవతి తండ్రీ వచ్చి నిలదీసినప్పుడు తప్పంతా హన్‌హమ్ తన మీద వేసుకుంటాడు, ఉద్యోగం పోతుంది. ఒక్కో అబద్ధానికీ ఖరీదు పెరుగుతూ వచ్చింది చూడండి.

మీ కథలో అయితే: మాస్టారు పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయారు, గిన్నె మాడింది. ఇలా ఇంకోసారి జరిగితే కూతురు ఆయన్ని తన ఊరు తీసుకెళ్లిపోతుంది. అబ్బాయి ‘నేనే పెట్టానక్కా’ అని తిట్లు తింటాడు. దీన్ని 8వ పేజీకి తెండి. ఆ బాకీ మాస్టారు 21వ పేజీలో తీర్చాలి, అంతకన్నా ఎక్కువ పోగొట్టుకుని. ఆ సీన్లో ‘థాంక్స్’ అనే మాట ఎవరి నోటా రానివ్వకండి.

రెండో_రీలు:
అంతకుముందే ఒక లోపం ఉంది. మీ కథలో అబ్బాయి ఎప్పుడంటే అప్పుడు ఇంటికి పోవచ్చు. 1970 క్రిస్మస్ సెలవుల్లో బార్టన్‌లో మొదట ఐదుగురు పిల్లలు మిగులుతారు. ఒకడి తండ్రి హెలికాప్టర్‌లో వచ్చి మిగతావాళ్లందరినీ తీసుకుపోతాడు, ఆంగస్ తల్లి ఫోన్‌కి దొరక్క వాడొక్కడే ఆగిపోతాడు. మీరూ 3వ పేజీకల్లా ఆ తలుపు మూసేయండి.

మూడో మనిషీ కావాలి. వంటశాల చూసే మేరీ, కొడుకును వియత్నాంలో పోగొట్టుకున్న తల్లి, హన్‌హమ్‌ను ముఖం మీదే మందలిస్తుంది. అలాంటివాళ్లు లేకపోతే ఇద్దరూ తమ బాధలు తామే ఉపన్యాసంలా చెప్పుకోవాల్సి వస్తుంది. పక్కింటి పిన్నిగారైనా చాలు.

ఇంకోటి, మాస్టారిని మెత్తబరచకండి. హన్‌హమ్ వెటకారం చివరిదాకా తగ్గదు. కౌగిలింతలు లేవు, కరచాలనంతో సరి. ఆయన మెల్లకన్ను వల్ల ఏ కంట్లోకి చూడాలో ఆంగస్‌కు మొదట్నించీ తెలియదు. ‘ఇదిగో, ఈ కంట్లోకి చూడు’ అని ఆయనే చివర్లో చూపిస్తాడు. దాపరికం పోయిందని అంతకన్నా బాగా ఏ డైలాగూ చెప్పలేదు.

కాల్‌షీట్:
రాత సంగతి వాళ్లు చెప్పారు, షూటింగ్ సంగతి నేను చెబుతాను. అబ్బాయికి 14 నిండకపోతే ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. పెద్దాయనా త్వరగా అలసిపోతారు. అందుకే ఇద్దరూ ఉన్న సీన్లు పొద్దున్నే పెట్టి, విడివిడి క్లోజప్‌లు తర్వాతకు ఉంచండి. పాల గిన్నె సీనుకి ఒకే రకం గిన్నెలు నాలుగు కొనండి. మాడినదాన్ని తోమి మళ్లీ వాడితే మరక మారి కంటిన్యుటీ (షాట్‌కూ షాట్‌కూ పొంతన) పోతుంది.