కొత్త కోరల్‌ను ఇసుకలో పెట్టి మెల్లగా పైకి తేవాలా, దాని చోట్లోనే అతికించి లైటు తగ్గించాలా?

నీటిగడప:
నా ఉప్పునీటి అక్వేరియం ట్యాంకుకు మూడు కొత్త కోరల్స్ (పగడపు జీవులు) వస్తున్నాయి. ఒక అక్రోపోరా, ఒక మోంటిపోరా, ఒక టార్చ్ కోరల్. ఇంతవరకూ నా దగ్గరున్నవి జోవాంథిడ్లు, మష్రూమ్‌లు అనే మెత్తని రకాలే. నీళ్ల ఎత్తు 50 సెంటీమీటర్లు, పైన రెండు ఎల్‌ఈడీలు. పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురు) కొలిచే మీటర్ అడిగి తెచ్చుకుని కొలిచాను. ఇసుక మీద 80, 90 మధ్య ఉంది. రాళ్ల నడుమ 180, పైఅంచున 320. ఎవరిని అడిగినా రెండు మాటల్లో ఒకటి చెబుతున్నారు. "ముందు ఇసుకలో పెట్టు, కొన్ని వారాల్లో మెట్టుమెట్టుగా పైకి జరుపు" అని కొందరు. "జరపనే జరపకు, ఉండాల్సిన చోట అతికించి లైటు తగ్గించు" అని కొందరు. ఏది సరి? "నేనిలాగే చేస్తాను, నాకు బాగానే ఉంది" అనే జవాబు కాకుండా కారణం చెబితే మేలు.

ఇసుకమేట:
ఇసుకే. కారణం అడిగారు కాబట్టి చెబుతాను. కోరల్ టిష్యూలో ఉండే జూజాంథెల్లే అనే నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి కోరల్‌కు పెడుతుంది. అది వాడుకోగలిగినదానికన్నా ఎక్కువ వెలుతురు పడితే, మిగిలిన శక్తి హాని చేసే ఆక్సిజన్ రూపాలుగా మారి టిష్యూను దెబ్బతీస్తుంది. అప్పుడు కోరల్ ఆ నాచునే బయటకు తోసేస్తుంది. మనం చూసే తెల్లబడటం అదే. పైగా సంచిలో చీకట్లో ప్రయాణం చేసి వచ్చిన కోరల్ అప్పటికే నీరసంగా ఉంటుంది.

వెలుతురు తక్కువైతే ఏమవుతుంది? నాచు పెరుగుతుంది, క్లోరోఫిల్ పెరుగుతుంది, రంగు గోధుమకు తిరుగుతుంది. చూడటానికి బాగోదు, అంతే. గోధుమ రంగుకు తిరిగిన కోరల్ మళ్లీ రంగెక్కుతుంది. తెల్లబడినది చాలాసార్లు కోలుకోదు. ఏ వైపు పొరపాటు చేస్తే నష్టం తక్కువో ఆ వైపే ఉండాలి.

కొమ్మకోరల్:
ఇసుకమేట గారూ, నాచు సంగతి ఒప్పుకుంటాను. కానీ అక్రోపోరాను ఇసుకలో పెడితే తగ్గేది వెలుతురొక్కటే కాదండి. చాలా ట్యాంకుల్లో అడుగున ఫ్లో, అంటే నీటి కదలిక, బలహీనం. కొమ్మల మధ్య చెత్త పేరుకుంటుంది, చేప ఒకసారి ఇసుక కెలికితే పాలిప్‌ల (కోరల్ మీది చిన్న చిన్న నోళ్లున్న జీవుల) మీద పడుతుంది. అది ఫ్లో కోసం పుట్టిన కోరల్. ఇక "మెట్టుమెట్టుగా" అంటే ఏంటి? జరిపిన ప్రతిసారీ చెయ్యి తగులుతుంది, వెలుతురు మారుతుంది, ఫ్లో దిక్కు మారుతుంది. ఒక చోటికి అలవాటు పడేలోపే ఇంకో చోటు. అలవాటు పడటానికి వారాలు పడుతుందని మీకూ తెలుసు.

లైటు యాప్‌లో అక్లిమేషన్ మోడ్ (వెలుతురును మెల్లగా పెంచే సెట్టింగ్) ఉంటే సగానికి దించి, మూడు నాలుగు వారాల్లో మామూలుకు వచ్చేలా పెట్టండి. కోరల్ కదలదు, వెలుతురు మాత్రం రోజుకు కొద్దిగా పెరుగుతుంది.

ఇసుకమేట:
వచ్చిన ఒక్క చిన్న ఫ్రాగ్ (కోరల్ ముక్క) కోసం ట్యాంకులో ఉన్న అన్నిటికీ వెలుతురు సగం చేస్తామా? వచ్చే నెల ఇంకోటి కొంటే మళ్లీ దించాలా? అలాగైతే పాతవాటికి ఎప్పటికీ నిలకడైన వెలుతురు దొరకదు.

నీలిమోజు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను లైటులో తెల్ల ఛానెల్ (తెల్ల ఎల్‌ఈడీలు) బాగా తగ్గించి నీలం అలాగే వదిలేస్తాను. ట్యాంకు మసకగా ఉంటుంది, కోరల్‌కు టెన్షన్ ఉండదు. ఇది సులువు కదా?

లెక్కల పిచ్చి:
నీలిమోజు గారూ, మసక మీ కంటికి. మన కన్ను ఆకుపచ్చ, పసుపు ప్రాంతంలో బాగా చూస్తుంది, నీలాన్ని తక్కువగా పట్టించుకుంటుంది. క్లోరోఫిల్ గట్టిగా పీల్చుకునేదేమో ఆ నీలాన్నే. రీఫ్ లైట్లలో బలం ఎక్కువగా ఉండేదీ నీలం ఛానెళ్లలోనే కాబట్టి తెల్లది తగ్గిస్తే పార్ పెద్దగా తగ్గదు. ఫోన్ లక్స్ యాప్‌ను నమ్మొద్దనేది కూడా ఇందుకే, లక్స్ అనేది మనిషి కంటి లెక్క. ఆ మాటకొస్తే అపోజీ కంపెనీ పాత పార్ మీటర్లు కూడా నీలాన్ని కాస్త తక్కువ చూపిస్తాయి, వాళ్ల ఎంక్యూ-510 మోడల్ నయం. నీటిగడప గారు దేనితో కొలిచారో చూసుకోవాలి.

ఇక అసలు చర్చ. ఇద్దరూ ఎక్కడ పెట్టాలో వాదిస్తున్నారు, ఆ కోరల్ ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ అడగలేదు. అమ్మేవాళ్ల ట్యాంకులో 300 పార్‌లో పెరిగిన అక్రోపోరాను ఇసుకలో 85కి దించితే అదీ షాకే. 120లో పెరిగినదాన్ని 320కి ఎక్కిస్తే ఇంకో రకం షాక్. పార్ ఒక్కటే కాదు, గంటలు కూడా అడగండి. ఒక చదరపు మీటరు మీద సెకనుకు పడే వెలుతురు కణాల లెక్క, మైక్రోమోల్స్‌లో, మీ పార్. దాన్ని 3600తో, లైటు గంటలతో గుణించి పది లక్షలతో భాగిస్తే రోజు మొత్తం వస్తుంది. వాళ్ల దగ్గర 150 పార్, 12 గంటలు అనుకుందాం, 6.48 మోల్స్. మీ రాళ్ల నడుమ 180 పార్, 10 గంటలు అనుకుంటే అదీ 6.48. చూడటానికి 150 నుంచి 180కి ఎక్కించినట్టుంటుంది, కోరల్‌కు రోజు తిండి మాత్రం అంతే.

కొమ్మకోరల్:
లెక్క బాగుంది, కానీ పూర్తిగా ఒప్పుకోను. అదే 6.48ను 360 పార్‌తో 5 గంటల్లో ఇవ్వండి. మొత్తం సమానమే, కోరల్ పరిస్థితి సమానమా? నాచు వాడుకోగలిగిన హద్దు దాటేది ఆ గంటల్లోనే. మొత్తం పనికొచ్చే అంకె, గరిష్ఠం ప్రమాదం చెప్పే అంకె.

లెక్కల పిచ్చి:
నిజమే, గరిష్ఠం వేరుగా చూడాలి. 150కి 180 అంటే తేడా చిన్నది కాబట్టి ఆ ఉదాహరణ తీసుకున్నాను. రెండింతలైతే నేనూ లెక్క మీద వదిలేయను.

మెత్తపగడం:
ఒక మాట. అతికించిన తర్వాత కోరల్ పాలిపోతే అందరూ లైటును తిడతారు. ముందు దగ్గరగా చూడండి. పైన వెలుతురు పడే వైపు పాలిపోయి, కింద నీడ వైపు రంగు అలాగే ఉంటే లైటును అనుమానించాలి. పైనా కిందా ఒకేలా వెలిసిపోతే నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయాయేమో కొలవండి. కొమ్మ కొసలు మాత్రమే కాలినట్టు తెల్లగా ఉంటే నీటి ఆల్కలినిటీ (క్షారత, డీకేహెచ్‌లలో కొలుస్తారు) చూడండి. 7.5 డీకేహెచ్ నుంచి వచ్చి 10.5లో పడ్డ అక్రోపోరాకు ఏ లైటు పెట్టినా సుఖం ఉండదు.

బ్లీచ్ అయిన, అంటే తెల్లబడిన కోరల్‌లో టిష్యూ ఉంటుంది, గాజులా పారదర్శకంగా. టార్చిలైటు వేసి చూస్తే పాలిప్ నోళ్లు కనిపిస్తాయి, వాటికి మేత పెట్టి కాపాడుకోవచ్చు. కోరల్ మొదలు దగ్గర్నుంచి టిష్యూ ఊడిపోయి ఉత్త అస్థిపంజరం బయటపడుతుంటే అది వేరే జబ్బు, లైటు తగ్గించి కూర్చుంటే చేతులు దాటిపోతుంది.

నీటిగడప:
మరి టార్చ్ సంగతి? దాని మీద ఎవరూ కొట్టుకోవడం లేదు.

ఇసుకమేట:
దానికి నా మాటే చెల్లుతుంది కాబట్టి! మీ ఇసుక మీది 80, 90 దానికి సరిపోతుంది, నిదానమైన ఫ్లో చాలు. చుట్టూ ఖాళీ మాత్రం వదలండి, పొడుగు టెంటకిల్స్‌తో పక్కవాటిని కుడుతుంది. దాని కోసం జోవాంథిడ్లు జరపాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోండి, కొన్ని రకాల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. అక్రోపోరా విషయంలో ఒక మెట్టు దిగుతాను. ఇసుక వద్దు. రాళ్ల నడుమ ఫ్లో తగిలే చోట అతికించి, నీళ్ల పైన ఆ భాగానికి మాత్రం సన్నటి వల పొరలు అడ్డం పెట్టండి. రెండు మూడు పొరలతో మొదలుపెట్టి వారానికొకటి తీసేయండి. కోరల్ కదలదు, మిగతావాటి వెలుతురు తగ్గదు.

కొమ్మకోరల్:
నీడ పడేది సరిగ్గా ఆ కోరల్ మీదేనా? రెండు లైట్లున్నప్పుడు రెండోది పక్క నుంచి వాలుగా కొడుతుంది. వల పెట్టాక కోరల్ పక్కనే మీటర్ పెట్టి మళ్లీ కొలవాలి. వల మీద ఉప్పు పేరుకుంటే నీడ ఇంకా చిక్కబడుతుంది. ఒకరోజు కడిగేసరికి వెలుతురు ఒక్కసారిగా పెరిగిపోతుంది. డిమ్మర్‌తో ఈ గొడవ లేదు.

నీటిగడప:
అమ్మే ఆయన్ను అడిగాను. అక్రోపోరా, మోంటిపోరా రెండూ 140 పార్ దగ్గర, 11 గంటల లైటులో ఉన్నాయట. అంటే 5.5 మోల్స్ పైచిలుకు. రాళ్ల నడుమ 180 చోట రెండింటినీ అతికించి, నా 10 గంటల్ని మొదట 8 చేస్తాను, 5.2 దగ్గరకొస్తుంది. గరిష్ఠం కొంచెం పెరుగుతుంది కాబట్టి వల ఒక్క పొర పెట్టి, కింద కొలిచి చూస్తాను. టార్చ్ ఇసుకలోనే. 320 చోటు ఇప్పటికి ఖాళీ.

కొమ్మకోరల్:
గంటలు తగ్గించేటప్పుడు పొద్దున, సాయంత్రం మెల్లగా పెరిగి తగ్గే వేళల్ని కోయకండి, నడిమి గంటల్ని కోయండి. అలాగైతే ఆ వల కూడా అక్కర్లేదేమో.

ఇసుకమేట:
వల ఉండనివ్వండి.