నళినీదళ ‘సంస్థిత’మా? ఆ ‘సం’ ఎక్కడిది?

నీలిసిరా: ప్రకృతిని చూసి కొత్త పదార్థాలు తయారుచేయడంపై వ్యాసం రాస్తూ ‘నీరము తప్తలోహమున’ పద్యంతో మొదలుపెట్టాను. భర్తృహరి సంస్కృత శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు ఇది: నీరు కాలిన ఇనుము మీద పేరు లేకుండా పోతుంది, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది, ముత్యపుచిప్పలో పడి ముత్యమే అవుతుంది; కొలిచేవారి గతీ అంతే. రెండో పాదం ‘నీరమె ముత్యమట్లు నళినీదళ’ దాకా వచ్చి ఆగిపోయింది. తరువాత ‘సంస్థితమై తనర్చు’ అనా, ‘సంగతమై తనర్చు’ అనా? రెండూ నోట తిరుగుతున్నాయి, గణాలు రెండింటికీ సరిపోతున్నాయి.

ఉత్పలమాల: సంస్థితమై. యతి ‘నళినీ’లోని ‘నీ’ దగ్గరే తీరిపోయింది కనుక ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు, మూలమే చెప్పాలి. ‘సంతప్తాయసి సంస్థితస్య పయసో’ అన్నాడు భర్తృహరి. అంటే ‘సంస్థిత’ ఇనుము మీది నీటికి. తామరాకు దగ్గర ‘నలినీపత్రస్థితం’తో ఊరుకున్నాడు. ఏనుగు లక్ష్మణకవి ఇనుము దగ్గర ‘నిల్చి’ అని, ‘సం’ను తెచ్చి తామరాకు మీద పెట్టాడు. తెలిసే పెట్టాడని నా నమ్మకం.

లోహవిద్యార్థి: తెలిసే పెట్టినా, ‘కదలకుండా నిలిచిన’ అనే ఆ మాట తామరాకుకు నప్పదండీ. ఆకు నిండా పది మైక్రాన్ల స్థాయి బుడిపెలు, వాటి మీద ఇంకా సన్నని మైనపు గొట్టాలు. మధ్యలో గాలి నిలుస్తుంది. నీరు బుడిపెల కొసలనే తాకుతుంది కాబట్టి దాని స్పర్శకోణం (బొట్టు అంచు ఆకుతో చేసే కోణం) 150 డిగ్రీలు దాటుతుంది. ఆకు కాస్త వంగితే చాలు, బొట్టు దుమ్మును కూడా మోసుకుంటూ దొర్లిపోతుంది. బాన్ వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ బార్ట్‌లాట్, నైన్‌హూస్‌తో కలిసి 1997లో దీన్ని వివరించారు. 1999కల్లా ఆ సూత్రంతో గోడల రంగు జర్మనీలో అమ్మకానికి వచ్చింది. ‘సంస్థితం’ అనదగిన బొట్టు గులాబీ రేక మీద ఉంటుంది. అక్కడా గుండ్రంగానే ఉంటుంది కానీ, రేకను తలకిందులు చేసినా జారదు.

పాతప్రతి: నీలిసిరా గారి ‘సంగతమై’ ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పగలను. భజగోవిందంలోని ‘నలినీదళగతజలమతితరలం’ నుంచి. ఆ ‘గత’ చెవిలో ఉండిపోయింది. పైగా అక్కడ ‘అతితరలం’ అన్న మాట లోహవిద్యార్థి గారు చెప్పిన దొర్లడాన్నే చెబుతోంది. జారే గుణం కావాలంటే ఆ శ్లోకానికి వెళ్లాలి. తడి అంటకపోవడమే కావాలంటే గీతలో ‘పద్మపత్రమివాంభసా’ ఉంది. లక్ష్మణకవికి కావలసింది ఈ రెండూ కాదు, ముత్యపు రూపం.

గుంటూరు మాస్టారు: ‘సం’ అంటే కదలకుండా అని ఎందుకు పట్టుకుంటున్నారు? సమ్యక్ స్థితం, చక్కగా ఉన్నది. అంతే. ఇంకో మాట. చెరువులో తామరాకును చూసినవారికి తెలుసు, ఆకు నడుమ పల్లం ఉంటుంది. చినుకులన్నీ అక్కడికే దొర్లి చేరతాయి, గాలికి అటూ ఇటూ ఆడినా అక్కడే ఉంటాయి. ముక్క కోసి, వంచి కొలిస్తే కనబడేది వేరు. కవి చూసింది చెరువులోని ఆకును.

భర్తృహరిని తెలుగు చేసినవారిలో ఎలకూచి బాలసరస్వతి ఉన్నాడు, పుష్పగిరి తిమ్మన ఉన్నాడు. అయినా జనం నాలుక మీద నిలిచింది లక్ష్మణకవే. ‘తివిరి యిసుమునఁ దైలంబుఁ దీయవచ్చు’ ఒక్కటి చాలదా? ఆ ‘తివిరి’ని ఇంకెవరైనా అక్కడ వేయగలరా?

లోహవిద్యార్థి: మాస్టారూ, పల్లం మాట ఒప్పుకుంటాను. కానీ మొదటి పాదం చూడండి. బాగా కాలిన లోహం మీద, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక, బొట్టు కింద ఆవిరి పొర ఏర్పడుతుంది. బొట్టు దాని మీద తేలుతూ చాలాసేపు ఉంటుంది. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ రాసింది ఇదే. అంత వేడి లేకపోతేనే చుయ్యిమని మాయమవుతుంది. అప్పుడు భర్తృహరి ‘సంస్థిత’ను ఇనుము దగ్గర వాడడమే సరైనది. ఆవిరి పరుపు మీద ఒక బొట్టు, మైనం నడుమ గాలి మీద ఇంకొకటి. రెండూ ఆనీ ఆననివే.

ఉత్పలమాల: అందుకే ‘నిల్చి’ అన్నాడు కదా! ‘ని’తో యతి తీర్చాడు, నిలకడనూ చెప్పాడు. మూడో పాదంలోనూ ఇంతే. ‘శుక్తిలోఁ బడి మణిత్వముఁ గాంచు’. ‘ముత్యము’ అంటే యతి చెడుతుంది, ‘ణి’ వల్ల నిలిచింది. మూలంలోని స్వాతిని మాత్రం వదిలేశాడు. అది నాకు ఇప్పటికీ వెలితే.

లోహవిద్యార్థి: ముత్యం మెరుపు స్వాతి చినుకుది కాదు, ఆలిచిప్ప పొరలది. అర మైక్రాన్ మందం ఉండే అరగొనైట్ పలకలు ఇటుకల్లా, నడుమ ప్రోటీన్లు సున్నంలా. బరువులో 95 శాతం సుద్దలో ఉండే కాల్షియం కార్బొనేటే అయినా సుద్దలా విరగదు. దాన్ని అనుకరించడానికి బర్క్‌లీ ప్రయోగశాలలో సెరామిక్ పొడి కలిపిన నీటిని గడ్డకట్టించారు. 2006లో ప్రచురించారు. మంచు పలకలు పెరుగుతూ పొడిని తమ మధ్యకు నెట్టి పొరలు కడతాయి. తరువాత మంచును ఆవిరిగా తొలగించి, ఆ ఖాళీలను పాలిమరుతోనో లోహంతోనో నింపుతారు. పొరలు కట్టినది నీరే. ‘ఆ నీరమె’ అన్న మాట నాకు అక్కడ కొత్తగా వినబడుతుంది.

పాతప్రతి: బాగుంది. కానీ నాలుగో పాదం ‘కొల్చువారికిన్’ అంటోంది. మూలంలో ‘సంసర్గతో జాయతే’ (సాంగత్యం వల్ల కలుగుతుంది) అనే పాఠం ఉంది, ‘జుషామ్’ (సేవించేవారికి) అనే పాఠమూ ఉంది. లక్ష్మణకవి ముందున్నది రెండోదే. అలాంటప్పుడు మొదటి పాదంలో ‘సంస్థితస్య’ ఉన్న ప్రతినే చూశాడని ఎలా చెప్పగలం? ‘సం’ కదిలిందనడానికి ముందు అది తేలాలి.

నీలిసిరా: ఎలకూచి అనువాదంలో ఈ పద్యం ఎవరి దగ్గరైనా ఉందా? అక్కడ ‘సం’ ఎటు ఉందో చూడాలి. వ్యాసం ఇంకా మొదటి పేరాలోనే ఉంది.