‘వాకింగ్ సాంగ్’ నడక పాట కాదు

స్కాట్లండు జానపద ఆల్బమ్‌లలో ఏవి వినాలని అడుగుతూ, ఒక అట్ట మీద చూసిన ‘వాకింగ్ సాంగ్స్’ను ‘నడక పాటలు’ అనవచ్చా అని మీరు రాశారు. వద్దండీ. ఇంగ్లీషులో రెండూ ఒకేలా పలుకుతాయి గానీ ఈ మాట వేరు. మగ్గం నుంచి దిగిన ఉన్ని గుడ్డ వదులుగా ఉంటుంది. దాన్ని కొట్టి కొట్టి దట్టపరచే పనికి ఆ పేరు.

స్కాట్లండు పడమటి దీవుల్లో అది ఆడవాళ్ల పని. గుడ్డను నిల్వ ఉంచిన మూత్రంలో నానబెట్టి, పొడవాటి బల్లకు అటూ ఇటూ కూర్చుని, బల్లకేసి కొడుతూ పక్కవారికి అందించేవారు. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగిలినవారు ‘హి రి, హో రో’ వంటి అర్థం లేని అక్షరాలతో వంత పాడేవారు. ఇది తెలిసినప్పుడు నాకు మన ‘సువ్వి’ పాటలే గుర్తొచ్చాయి. సువ్వికీ విడిగా అర్థం లేదు, రోకటి పోటుతో కలిసి పలికితేనే దానికి ప్రాణం.

అందుకే ‘ఉన్ని దంపుడు పాట’ అందామని నా సూచన.

‘దంపడం వడ్లకే కదా, గుడ్డకు ఉతకడం ఉంది’ అని మరొకరు అన్నారు. ఉతకడం మురికి వదలడానికి. ఇక్కడ దెబ్బలకు గుడ్డ కుదించుకుపోయి దాని గుణమే మారిపోతుంది. ఆ మార్పు నాకు ‘దంపు’లోనే వినిపిస్తోంది.

ఇక ఆల్బమ్‌లు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వారి సేకరణ నుంచి వచ్చిన ‘వాకింగ్ సాంగ్స్ ఫ్రమ్ బార్రా’ తప్పక వినండి. బార్రా ఆ పడమటి దీవుల్లో ఒకటి. ఆ ఆల్బమ్‌లో వాద్యాలు ఉండవు. ఐర్లండు వైపు వెళితే 1973 నాటి ‘ప్లాంక్స్‌టీ’ బృందం తొలి ఆల్బమ్, ఆ తర్వాత గాయకుడు జో హీనీ. ఆయనది ‘షాన్ నోస్’, అంటే పాత పద్ధతి. తోడు లేని ఒంటరి గొంతు.

కొత్తగా వినేవారికైతే ముందుగా స్కాట్లండుకు చెందిన కాపర్‌కేలీ బృందం 1991 ఆల్బమ్ ‘డెలీరియం’ ఇస్తాను. అందులోని ‘కోషిచ్ అ రూన్’ పాత దంపుడు పాటే. 1992లో బ్రిటన్ పాటల అమ్మకాల జాబితా టాప్ 40లోకి చేరిన తొలి స్కాటిష్ గేలిక్ (ఆ దీవుల వారి భాష) పాట అది. ‘కోషిచ్’ అంటే ఏమిటో తెలుసా? ‘నడువు’. ఆ ఒక్క పాట వరకు మీ ‘నడక పాట’ను కాదనలేను.