ఉబ్బి కుంచించే బంకమట్టిలో ఒరిగిపోతున్న పాత రాతిపలకను నిలబెట్టడం ఎలా?

వేల్స్‌లోని గ్వెంట్ లెవెల్స్ అనేది రోమన్ల కాలం నుంచి కట్టలు వేసి, ‘రీన్’ అనే కాలువలు తవ్వి, సెవెర్న్ నదీముఖం నుంచి రాబట్టుకున్న పచ్చిక భూమి. 1607 జనవరి వరదలో మునిగి తేరుకున్న నేల. అక్కడి మా మేతపొలం గుండా పోయే కాలిదారిలో ఒక రాతి స్టైల్ ఉంది. మనిషి కాలెత్తి దాటగలిగేలా, పశువు దాటలేకుండా నిలువుగా పాతిన ఒకే పలక అది. నేలపైన ఎత్తు 75 సెంటీమీటర్లు, మందం 11. రెండు పక్కలా సున్నంతో కట్టిన పొట్టి గోడలు ఉన్నాయి.

రెండేళ్లలో ఆ పలక కాలువ వైపు 9 డిగ్రీలు ఒరిగింది. జూలైలో రెండు వేళ్లు దూరేంతగా విచ్చుకున్న పగుళ్లు వానలకు పూడుకుపోయే అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఈ ఒరుగుడు ఎక్కువ.

మొదట అడుగున సిమెంటు కాంక్రీటు పోశాను. దిమ్మతో సహా పలక ఒరగడమే కాక, దాని అంచు పెచ్చులూడింది. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. తర్వాత కాంక్రీటు తొలగించి, 40 సెంటీమీటర్ల లోతున కంకర దట్టిస్తే, చలికాలంలో ఆ గుంట నీటితో నిండి పలక మళ్లీ కదిలింది. తీసేసి గేటు పెట్టుకోమని కొందరు చెప్పారు గాని, తరాల కాళ్ల రాపిడికి నడుమ నునుపుదేలిన ఆ రాతిని తొలగించడానికి మనసొప్పడం లేదు.

ఇలాగే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నల్లరేగడిలో కంచెరాళ్లు పాతిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: ఇంత ఎత్తు పలక ఒరగకుండా నిలవాలంటే ఎంత లోతున పాతి, గుంటను దేనితో పూడ్చాలి?