వియాన్ష్ అనే పేరుకు నిజంగా అర్థం ఉందా?

మా బాబుది రోహిణి మూడో పాదం, 'వీ' అక్షరం రావాలన్నారు. మా ఆవిడ 'వియాన్ష్' అని ఫిక్సయింది. పేర్ల వెబ్‌సైట్లు నాలుగు చూశాను. ఒకచోట 'కృష్ణుడి అంశ', ఇంకోచోట 'జీవంతో నిండినవాడు', మిగతా రెండింటిలో మరేవో అర్థాలు! సంస్కృత నిఘంటువుల్లో ఆ మాటే దొరకలేదు. వి, అంశ కలిస్తే యణ్ సంధి ప్రకారం 'వ్యంశ' కావాలి కదా, 'వియాన్ష్' ఎలా అయింది? మా అమ్మకు నోరు తిరగక 'వియానుసూ' అని పిలుస్తోంది, అది వేరే సంగతి.

విక్రమ్, వినయ్ అంటే పాతవట. విహాన్ బాగుంది, 'ఉదయం' అనే అర్థమూ ఉంది, కానీ మా గేటెడ్ కమ్యూనిటీలో ఇప్పటికే ముగ్గురున్నారు. పార్కులో ఒక్క కేక వేస్తే ముగ్గురూ తిరుగుతారు. పురోహితుణ్ని అడిగితే 'మీకు నచ్చితే పెట్టేయండి' అన్నారు.

బాబుకు పదకొండో నెల. బర్త్ సర్టిఫికెట్‌లో ఏడాదిలోపు అయితే ఆలస్య రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు. అందుకే టెన్షన్.

సంస్కృతం తెలిసినవాళ్లు చెప్పండి: 'వియాన్ష్'కు ఏ ధాతువు నుంచైనా, ఏ గ్రంథం నుంచైనా ఆధారం ఉందా?