రాయలచెరువు ఒడ్డున పది సెంట్లు: కొనేముందు ఏమేం చూడాలి?

ప్రశ్న:
తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు నీళ్లు కనబడేలా పది సెంట్లు అమ్మకానికి ఉంది. చిన్న ఇల్లు కట్టుకోవాలని ఆలోచన. అమ్మేవాళ్లు పాసుపుస్తకం, 13 ఏళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) చూపిస్తున్నారు. స్థలం హద్దుకీ నీటికీ మధ్య ఇరవై అడుగులే ఉంది. ఇంకేం చూడాలి? కల్యాణి డ్యాం వైపు స్థలం దొరికే అవకాశం ఉందా?

జవాబు 1:
అడ్వాన్సు మాత్రం ఇప్పుడే ఇవ్వొద్దండి. చెరువు నిండి మొరవ (అలుగు) పారే మట్టాన్నే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటారు. 2017 ఏపీ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు దాటిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి, చిన్న కుంటకైతే 9 మీటర్లు. రాయలచెరువుకు 30 మీటర్లే. మీరు చెప్పిన ఇరవై అడుగులు ఆరు మీటర్లు. ఈ లెక్కన ఇంటి ప్లానుకు అనుమతి రాదు.

పాసుపుస్తకం ఒక్కటే నమ్మితే చాలదు. తహసీల్దారు ఆఫీసులో ఆ సర్వే నంబరు ఆర్‌ఎస్‌ఆర్ (భూమి ఏ రకమో, ఎవరిదో చూపే పాత రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (హద్దుల కొలతల పటం) నకళ్లు తీసుకోండి. ఆర్‌ఎస్‌ఆర్‌లో చెరువు పోరంబోకు, వంక పోరంబోకు, అనాధీనం (ఇవన్నీ ప్రభుత్వ భూములే) అని ఉన్నా, పట్టాదారు గడిలో పేరుకు బదులు చుక్కలు ఉన్నా వదిలేయండి. డీకేటీ పట్టాలైతే (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) 1977 చట్టం కింద అమ్మకం చెల్లదు. ఫ్రీహోల్డ్ అయింది, అంటే అమ్ముకునే హక్కు వచ్చిందని చెప్పినా, 22ఎ నిషేధిత జాబితాలోంచి (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఆ నంబరు తీసేశారో లేదో రిజిస్ట్రేషన్ శాఖ సైటులో మీరే చూసుకోండి. ఈసీ కనీసం 30 ఏళ్లది, లింకు డాక్యుమెంట్లతో సహా కావాలి.

కల్యాణి డ్యాం తిరుపతి, తిరుమలకు తాగునీరిచ్చే జలాశయం, చుట్టూ శేషాచలం అడవి. అక్కడ ఒడ్డున ప్లాటని చెప్పే బ్రోకరు మాట వినొద్దు.

జవాబు 2:
కాగితాలు సరిపోయాక మట్టం కొలిపించండి. సర్వేయరు చేత మొరవ రాతి మట్టం నుంచి మీ స్థలానికి లెవెల్ తెప్పిస్తే హద్దు తేలుతుంది. పెద్ద వానకు మొరవ మీద కూడా నీళ్లు ఎత్తుగా పారతాయి కాబట్టి, పునాది పైమట్టం మొరవ కంటే కనీసం ఒక మీటరు ఎత్తులో పెట్టుకోవాలి.

కట్ట కింద వైపు స్థలం చవకగా దొరుకుతుంది, నా సలహా వద్దనే. 2021 నవంబరు వరదలప్పుడు రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మామూలు రోజుల్లోనూ అక్కడ ఊట తగులుతుంది. భూమిలో నీటిమట్టం పైకి ఉంటే సోక్‌పిట్ (మరుగుదొడ్డి నీళ్లు ఇంకే గుంత) నీళ్లు పీల్చదు, మరుగుదొడ్డి వెనక్కి తంతుంది.

సోక్‌పిట్‌కూ తాగే బోరుకూ మధ్య 18 మీటర్లు తప్పనిసరి. పది సెంట్లంటే 484 గజాలే. స్థలం ఆకారం చూసుకొని ఆ రెండూ రెండు మూలలకు ముందే గీసి పెట్టుకోండి. బోరు నీళ్లు ల్యాబులో పరీక్షిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా., నైట్రేట్ 45 మి.గ్రా. దాటకూడదు.

చెరువు అంచు నేలలో ఉండే వండ్రు మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే పగులుతుంది. పక్క పొలంలో గుంట తీసి ఎన్ని అడుగుల్లో గట్టినేల తగులుతుందో చూశాకే ధర మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు:
ఎప్పుడు వెళ్లి చూస్తే మంచిది?

జవాబు 1:
రెండుసార్లు. ఈశాన్య వానలకు చెరువు నిండాక నవంబరు చివర్లో ఒకసారి, మే నెలలో మరోసారి. వానకు నిండే చెరువిది. మేలో నీళ్లు ఎంత లోపలికి పోతాయో చూశాక కూడా ఆ ధర పెట్టాలనిపిస్తేనే బేరానికి దిగండి. నవంబరులో వెళ్లినప్పుడు నీటి అంచున ఫోటోలు తీసి ఎఫ్‌ఎంబీ రాళ్లతో సరిచూసుకోండి, జలవనరుల శాఖను ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడిగేటప్పుడు పనికొస్తాయి.