తలకు దెబ్బ తగిలాక మా ఆయన మనిషే మారిపోయారు, ఏం చెయ్యాలి?

సంక్రాంతికి ముందు బండి మీద నుంచి పడ్డారండి, హెల్మెట్ లేదు. నుదుటి వెనక రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నడుస్తున్నారు, పాత సంగతులన్నీ గుర్తున్నాయి. కానీ పిల్లల మీద ఎప్పుడూ గొంతు పెంచని మనిషి టీవీ సౌండ్‌కే గిన్నెలు విసురుతున్నారు, చుట్టాల ముందు అనరాని మాటలు అంటున్నారు, ఫోన్‌లో ఏవేవో ఆర్డర్ పెట్టేస్తున్నారు. అడిగితే "నాకేమైంది?" అంటారు. స్కాన్ బాగుందని డాక్టర్ పంపేశారు. అత్తయ్యేమో తాయెత్తు కట్టిద్దామంటున్నారు.

—చెల్లెమ్మా, మా తమ్ముడికీ ఇదే. నోటికొచ్చింది అనకుండా, చేతికందింది విసరకుండా మనల్ని ఆపేది నుదుటి వెనక ఉండే మెదడు భాగం, ఫ్రాంటల్ లోబే. అది దెబ్బతింటే బ్రేకులు తెగిన బండే. "నాకేమైంది" అనడం కూడా చాలామందిలో ఆ దెబ్బ వల్లే, తనలో మార్పు తనకి నిజంగా తెలియదు, అందుకే వాదించి ఒప్పించాలని చూడొద్దు. ముందు ఒకటి చెప్పు, ఫిట్స్ రాకుండా లెవిటిరాసిటమ్ మాత్ర ఇస్తున్నారా?

—అవునన్నయ్యా, పొద్దున, రాత్రి.

—ఆ మందు కొందరిలో చిరాకు, కోపం బాగా పెంచుతుంది. మా వాడికి మందు మార్చాక సగం గొడవ తగ్గింది. అలాగని మీరే ఆపేయకండి, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. న్యూరాలజిస్టుకి కోపం సంగతి విడిగా చెప్పండి, మనం చెప్పకపోతే వాళ్ళు అడగరు కూడా.

—నేను రిహాబ్‌లో, అంటే ఇలాంటి దెబ్బల తర్వాత కోలుకునేవాళ్ళకి సాయపడే చోట పనిచేస్తాను. స్కాన్ బాగుందంటే రక్తం గడ్డ పోయిందని, అంతే. ఏకాగ్రత, నిర్ణయాలు, కోపం మీద అదుపు ఎలా ఉన్నాయో తెలియాలంటే న్యూరోసైకాలజీ పరీక్షలు చేయించాలి, బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో చేస్తారు. ఈలోపు ఏ టైములో, దేని తర్వాత కోపం వస్తోందో రాసి పెట్టండి. చాలావరకు అలసట, నిద్ర చాలకపోవడం, ఒకేసారి ఇద్దరు మాట్లాడటం, ఇవే కారణాలు. కోపం మొదలవగానే పిల్లల్ని తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోండి, ఆ క్షణంలో బుద్ధులు చెప్పొద్దు. మద్యం చుక్క కూడా వద్దు. యూపీఐ రోజువారీ లిమిట్ తగ్గించండి, షాపింగ్ యాప్‌లలో కార్డు వివరాలు తీసేయండి.

—మళ్ళీ మామూలవుతారా అండి?

—మొదటి ఏడాదిలో మార్పు ఎక్కువ కనిపిస్తుంది, ఆ తర్వాతా మెల్లగా సాగుతుంది. అచ్చం పాత మనిషే వస్తారని మాత్రం నేను మాటివ్వలేను. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది, మనిషి పూర్తిగా మారిపోయాడన్నారు, కానీ తర్వాత చిలీలో కొన్నేళ్ళు గుర్రబ్బండి తోలాడు. రోజూ ఒకే టైముకి ఒకే పని ఉండటం అతనికి పనికొచ్చిందని ఇప్పుడు కొందరు నిపుణులు అంటారు. మీ ఆయనకీ అలాంటి చిన్న పని ఒకటి చూడండి.

—తాయెత్తు కట్టుకోనివ్వమ్మా, అత్తయ్యతో గొడవెందుకు, మాత్రలు మాత్రం ఆపనివ్వకు. ఇంకోటి, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా పడుకుంటున్నా, వాంతులవుతున్నా ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు, లోపల మళ్ళీ రక్తం చేరిందేమో చూడాలి.